హింగారు సేనూ, భూమి లేనోళ్ల దూడా

పశువులకూ దళితులకూ ఉన్న సంబంధం గురించి మన విశ్వవిద్యాలయాల్లో వచ్చిన పరిశోధనలు ముందరేసుకుని చూస్తే ఒక సంగతి కొట్టొచ్చినట్టు కనపడుతుంది. వాటిల్లో గొడ్డు చచ్చిన తర్వాతనే మాదిగ ప్రవేశిస్తాడు. తోలు, చెప్పు, డప్పు, కపిల తొండం, కూర - అన్నీ చచ్చిన గొడ్డు చుట్టూ తిరిగే విషయాలే. అంబేద్కర్ 1948లో అచ్చయిన తన గ్రంథంలో అంటరానితనం మూలాలను చచ్చిన ఆవు మాంసం దగ్గర వెతికినందువల్ల ఈ చర్చకు గట్టి పునాది పడింది, అది అవసరమైన చర్చే. అయితే ఆ గొడ్డు బతికున్న పదీ పన్నెండేళ్లు దాన్ని మేపిందెవరు? అది దూడగా ఉన్నప్పుడు చలికాలంలో దానికి పచ్చిమోపు తెచ్చి ఏసిందెవరు? ఆ పచ్చి ఎవరి సేన్లోది? ఈ ప్రశ్నల్ని పశువైద్య శాస్త్రం వాళ్లు తమవి కావన్నారు, సమాజశాస్త్రం వాళ్లు చిన్నవన్నారు. భూమి లేని ఇంట్లో దూడ పెరగడమంటే రోజూ ఇంకొకరి భూమిలో నుంచి ఇంత పచ్చి సంపాదించడమే గనక, నా దృష్టిలో ఇది భూమి సమస్యలో ఒక భాగం. కడప జిల్లా కమలాపురం చుట్టుపక్కల హింగారు పంట, అంటే రబీ పంట, మారిన తీరును చూస్తే ఇది తేటతెల్లమవుతుంది.

కమలాపురం పాపాఘ్ని ఒడ్డున ఉంది. ఆ ఏరు ఇక్కడికి దగ్గర్లోనే పెన్నలో కలుస్తుంది. ఉత్తరాన ప్రొద్దుటూరు వైపు కర్నూలు-కడప కాలవ కింద వరి పండే ఆయకట్టు, పడమర జమ్మలమడుగు వైపు నల్లరేగడి, దక్షిణాన పులివెందుల వైపు బోర్ల కింద చీనీ, అరటి తోటలు. మధ్యలో ఎర్రగుంట్ల చుట్టూ నాపరాళ్ల గనులు, సిమెంటు ఫ్యాక్టరీలు. ఈ రేగడి నేలల్లో ముంగారు వానకు దున్ని పెట్టుకుని, ఆ తర్వాత నేల పట్టుకున్న పదును మీద జొన్న ఎద బెట్టేవాళ్లు. వాన నిలిచినాక మంచు మీద, నేలలో దాగిన తేమ మీద పెరిగే పైరు అది. సంక్రాంతి దాటినాక కోతకొచ్చేది. గింజ మనుషులకు సంగటి, రొట్టె. దంటు గొడ్లకు చొప్ప.

దూడ సంగతి వేరే చెప్పుకోవాలి. పెద్ద గొడ్డు చొప్పతో బతుకుతుంది, దూడ చొప్పతో పెరగదు. కారణం కడుపులో ఉంది. పుట్టినప్పుడు దూడకు నెమరేసే పెద్దపొట్ట సరిగా తయారై ఉండదు. గడ్డి నమలడం మొదలుపెట్టినాక అది సాగుతుంది. ఆ పొట్టలో గడ్డిని పులియబెట్టేవి కంటికి కనపడని సూక్ష్మజీవులు. మేతలో మాంసకృత్తులు ఏడు శాతానికి తగ్గితే వాటికే తిండి చాలదు. ఎండిన జొన్నచొప్పలో ఉండేది మూడు నాలుగు శాతమే. అందుకే తల్లిపాలు తగ్గిన దూడకు కట్టు చొప్ప ఏసినా పొట్ట ముందుకొస్తుంది గానీ ఒళ్లు రాదు, వెంట్రుక నిక్కి నిలబడుతుంది. వానాకాలంలో వంకల్లో, బీళ్లలో మొలిచిన గడ్డితో ఎట్లనో గడుస్తుంది. కార్తీకం పోయినాక బీడు ఎండిపోతుంది. అప్పుడు ఊరి పొలిమేరలో పచ్చగా ఉండేది ఒక్క హింగారు సేనే. అంటే మేత కావలసిన నెలల్లో ఆ పచ్చదనం మొత్తం పట్టాభూమిలోనే ఉంటుంది.

ఇక్కడ ఒకసారి వేరే దేశం వైపు చూస్తే మన పరిస్థితి ఇంకా బాగా అర్థమవుతుంది. అమెరికాలో ఓక్లహామా, టెక్సాస్, కాన్సాస్ రాష్ట్రాల్లో చలికాలపు గోధుమ ఏస్తారు. సెప్టెంబరులో విత్తి, పైరు వేరు పట్టినాక నవంబరు నుంచి దాదాపు మార్చి మొదటి దాకా దూడల్ని ఆ పైరులోకే వదుల్తారు. లేత గోధుమాకులో మాంసకృత్తులు ఇరవై శాతం పైనే ఉంటాయి. రెండొందల కిలోలకు అటూ ఇటూ ఉండే దూడ మంచి పైరులో రోజుకు కిలో దాకా బరువు పెరుగుతుంది. ఇంత మేసినా గోధుమ చావదు, ఎందుకంటే దాని పెరిగే మొన చలికాలమంతా నేల లోపలే ఉంటుంది. వెచ్చబడినాక అది కాడలోకి ఎక్కుతుంది. కాడను చీల్చి చూస్తే లోపల బోలు కనపడిన రోజు దూడల్ని తోలేయాలి. తోలేస్తే గింజ కూడా పండుతుంది. ఆలస్యం చేస్తే మొనను దూడ కొరికేసి గింజ పడిపోతుంది. లేత పైరుతో నురగ కట్టి కడుపుబ్బి దూడలు చచ్చే ప్రమాదమూ ఉంది, దానికి మందు పెడతారు.

మనకు పనికొచ్చేది అక్కడి ఒప్పందం. చాలా చోట్ల దూడలు ఒకరివి, పైరు ఇంకొకరిది. దూడను తోలేటప్పుడు తూస్తారు, తోలుకుపోయేటప్పుడు తూస్తారు, పెరిగిన బరువుకు ఇంత అని పైరుగలాయనకు కడతారు. గడ్డికి ధర ఉంది, బరువుకు లెక్క ఉంది. అట్లాగని అది న్యాయలోకమేమీ కాదు. ఆ ఓక్లహామా నేల మూలవాసులది. 1883లో చెరోకీ జాతి తమ పడమటి భూముల గడ్డిని పశువుల కంపెనీదార్ల సంఘానికి ఏడాదికి లక్ష డాలర్లకు కౌలుకిచ్చింది. 1890లో అమెరికా అధ్యక్షుడు ఆ మందల్ని ఖాళీ చేయమని ఆజ్ఞ ఇచ్చి కౌలు ఆదాయాన్ని పోగొట్టినాడు. 1893 సెప్టెంబరులో ఆ భూముల్ని తెల్లోళ్లు పరుగుపందెం పెట్టుకుని పంచుకున్నారు. గోధుమ తర్వాత వచ్చింది. గడ్డి ఎవరిదన్న తగాదా ఎక్కడైనా ముందు నేల దగ్గరే తేలుతుంది.

ఇక మన జొన్న. గోధుమను మేపితే మళ్లీ వచ్చేది మేత. జొన్నను మేపితే మళ్లీ వచ్చేది నాము.

నాము గురించి కొంచెం వివరంగా చెప్పాలి, ఎందుకంటే ఈ చిన్న మాట వెనక చాలా ఉంది. లేత జొన్నాకులో ధురిన్ అనే పదార్థం ఉంటుంది. ఆకు నలిగి పశువు పొట్టలోకి పోతే అది విడిపోయి హైడ్రోజన్ సయనైడ్ అవుతుంది. మోకాలెత్తు కూడా రాని పైరులో, వాన లేక గిడసబారిన పైరులో, కోసిన మోడు నుంచి మళ్లీ మొలిచిన పిలకల్లో ఇది ఎక్కువ. పూతకొచ్చేసరికి తగ్గుతుంది, పండి బాగా ఎండిన చొప్పలో భయముండదు. నాము తగిలిన గొడ్డు కొన్ని నిమిషాల్లోనే రొప్పుతుంది, నోటి వెంట నురగ కారుతుంది, తూలి పడిపోతుంది. నెత్తురు మామూలు కంటే ఎర్రగా ఉంటుంది, ఎందుకంటే అందులో ప్రాణవాయువు ఉన్నా ఒంట్లో కణాలు దాన్ని వాడుకోలేవు. పశువుల డాక్టరు సోడియం నైట్రైట్, సోడియం థయోసల్ఫేట్ నరానికి ఎక్కిస్తే బతుకుతుంది, అదీ వెంటనే ఎక్కిస్తేనే. పల్లెల్లో బెల్లం నీళ్లు తాగిస్తారు. డాక్టరు వచ్చేలోగా అది చేసినా చేయకపోయినా, దాన్నే నమ్ముకుని కూర్చుంటే గొడ్డు దక్కదు.

కరువూ నామూ జంటగా వస్తాయి. ఈశాన్య వానలు ఎగ్గొట్టిన ఏడు పైరు గిడసబారుతుంది. అదే ఏడు బీళ్లలో గడ్డి ఉండదు, చొప్పవామి అడుగంటుతుంది. ఆకలిగొన్న దూడ పలుపు తెంపుకుని పోయేది ఆ గిడస జొన్నలోకే. అది కాసే పిల్లోడు నిద్రపోయిన తప్పా, వాన రాని తప్పా అని ఎవరూ విచారించరు. దూడ విలువను పిల్లోడి జీతంలో పట్టుకునేవాళ్లు. సంవత్సరానికి ఇన్ని గింజలు, రెండు పూటలా సంగటి అన్న లెక్కన కుదిరిన పసులకాపరి పిల్లోడి అప్పు ఒక్క పూటలో తీర్చలేనంత పెరిగేది. ఆ అప్పు కింద పిల్లోడు పెరిగి పెద్దవాడై పాలేరు అయ్యేవాడు. 1976లో వెట్టిచాకిరీ రద్దు చట్టం వచ్చినప్పుడు ఇట్లాంటి అప్పులన్నీ చెల్లవన్నారు. అయినా, చచ్చిన దూడ ఖరీదును ఎవరైనా అప్పు పద్దులో రాసుకుంటేగదా రద్దు చేయడానికి!

ఇంకొక సంగతి. 1850ల నుంచి ఉత్తర భారతంలో ఆజంగఢ్ మొదలైన జిల్లాల్లో, తోళ్ల కోసం చమార్లు పశువులకు పాషాణం పెట్టి చంపుతున్నారని బ్రిటిష్ అధికారులు పెద్దఎత్తున ఆరోపణలు నడిపించి, ఆ కులానికే నేరముద్ర ఏసినారు. చరిత్రకారులు దీన్ని వివరంగా రాసినారు. ఆ ప్రాంతాల్లోనూ పశువుల మేతకు జొన్న ఏస్తారు. జొన్నలో ఈ విషం ఉందని డన్‌స్టన్, హెన్రీ అనే రసాయన శాస్త్రజ్ఞులు నిర్ధారించింది 1902లో. ఆ యాభై ఏళ్లలో హఠాత్తుగా నురగ కక్కి చచ్చిన పశువుల్లో ఎన్ని నాము తగిలి చచ్చాయో ఎవరు లెక్కగట్టినారు? ఇది నేను తేల్చి చెప్పగలిగింది కాదు, అడగవలసిన ప్రశ్న మాత్రం. మన జిల్లాల పాత రికార్డుల్లో గొడ్లకు విషం పెట్టిన కేసులు చూసే పరిశోధక విద్యార్థులు అది ఏ నెలలో జరిగింది, పక్క సేన్లో ఏ పైరు ఉంది అని కూడా చూస్తే బాగుంటుంది.

నాము భయం వల్ల మన దగ్గర హింగారు జొన్నను నేరుగా మేపే పద్ధతి నిలబడలేదు. మరి భూమి లేని ఇంటి దూడ చలికాలమంతా ఏం తిని బతికింది? పైరును తినలేదు, పైరు అంచును తిన్నది. అంచు అంటే గెనిమ మీది గడ్డి, సాళ్ల మధ్య కలుపు, కొయ్యకాళ్లు. ఈ మూడింటి మీదా మాల మాదిగ ఆడవాళ్లకు రాసుకోని హక్కు ఒకటి నడిచింది. కలుపు కూలికి పోయిన మనిషి సాయంత్రం కొంగులోనో గోతంలోనో ఆ కలుపుగడ్డిని కట్టుకుని ఇంటికి తెచ్చుకునేది. కూలి డబ్బులు రైతు ఇచ్చేవి, మోపు ఆమె తెచ్చుకునేది. ఆ మోపులో మన సేన్లలో మొలిచే గరిక, గునుగు, చెంచలి, ఇంకా నానారకాలు. అనుభవం ఉన్న మనిషి ఆ మోపులోంచి జొన్న పిలకల్ని ఏరి పారేసిన తర్వాతే దూడ ముందర ఏసేది. ఒత్తుగా మొలిచిన జొన్నను పలచన చేసినప్పుడు పెరికిన మొక్కల్ని పచ్చిగా ముట్టనియ్యక గలగలలాడేలా ఎండనిచ్చేది. ఇది పుస్తకంలో చదివింది కాదు. నామును గుర్తుపట్టే ఈ విజ్ఞానం ధురిన్ అనే పేరు పుట్టకముందు నుంచీ ఉంది. దానికి శాస్త్రమన్న గౌరవం దక్కలేదు, ఎందుకంటే ఆ చేతులు ఎవరివో మనకు తెలుసు.

ఈ హక్కు దయగా చలామణి అయ్యేది. కోత అయిపోయిన సేను దగ్గర నడిచే మాట ఇట్లా ఉంటుంది: 'సామీ, కొయ్యకాళ్లల్లోకి దూడను తోలుకుంటా' అని ఆమె అడగాలి. 'ఏం మే, మందోళ్లకు మాటిచ్చినా, వాళ్లు పోయినాక తోలుకో' అని ఆయన అనాలి. ఆ ఆడమనిషి అక్కడ కలుపు తీసింది, కోత కోసింది. అయినా అడుక్కోవాలి.

మందోళ్ల సంగతి కూడా చూద్దాం. గొల్ల, కురుబ కాపరులు గొర్రెల మందను కోత అయిన సేన్లో రాత్రిళ్లు నిలిపితే పెంట, గంజు నేలకు బలం. దానికి రైతు కాపరికి గింజో, డబ్బో ఇస్తాడు. అంటే మంద మేసిన కొయ్యకాలుకు లెక్క లేదు, ఏసిన పెంటకు ధర ఉంది. వాళ్ల కష్టానికి అది దక్కాల్సిందే, దాని మీద నాకు ఫిర్యాదు లేదు. కానీ అదే సేన్లో మాదిగోళ్ల దూడ రెండు పూటలు తిరిగితే దాని పేడకు ధర లేదు, అది మేసిన కొయ్యకాలు మాత్రం ఉపకారం. పెంటలోని నత్రజని ఎవరి గొడ్డు ఏసిందని నేల అడగదు. అడిగేది ఊరు.

దూడ అడక్కుండా పోతే బందెలదొడ్డి. 1871లో బ్రిటిష్ ప్రభుత్వం క్యాటిల్ ట్రెస్‌పాస్ చట్టం చేసింది. పైరులో పడిన గొడ్డును పట్టుకుని ఇరవై నాలుగు గంటల్లోగా దొడ్డికి తోలే అధికారం ఆ పైరు సాగు చేసేవాడికి, ఆ నేల ఆధీనంలో ఉన్నవాడికి దాని పదో సెక్షను ఇచ్చింది. ఏనుగు నుంచి మేకపిల్ల దాకా ఏ జంతువుకు ఎంత జుల్మానా అన్న పట్టీ కూడా అందులో ఉంది. చట్టం కాగితం మీద అందరి గొడ్లకూ ఒకటే. కానీ దొడ్డికి తోలే అధికారం పైరు ఉన్నవాడిది, భూమి లేనివాడికి పైరు లేదు. రెడ్డిగారి ఎద్దు మాదిగపల్లెలో గుడిసె మీది బోద పీక్కుతింటే దాన్ని దొడ్డికి తోలిన ఉదాహరణ ఎవరైనా చూపించమనండి. అదే చట్టంలో, అన్యాయంగా గొడ్డును పట్టుకుంటే పది రోజుల్లోగా మేజిస్ట్రేటుకు ఫిర్యాదు చేయవచ్చుననీ, వంద రూపాయల లోపు పరిహారం ఇప్పించవచ్చుననీ కూడా రాసి పెట్టినారు. ఆ సెక్షన్లు పల్లెకు చేరలేదు, దొడ్డి మాత్రం చేరింది.

గొడ్లు, నీళ్లు, గడ్డి - ఇవి చిల్లర తగాదాలనుకునే వాళ్లకు కారంచేడును గుర్తుచేయాలి. 1985 జూలై 16న అక్కడ గొడవ మొదలైంది గేదెల కుడితి దగ్గరే. మాదిగలు తాగే నీళ్ల చెరువును కమ్మ యువకులు ఖరాబు చేస్తుంటే అడ్డుచెప్పినారు, మున్నంగి సువార్త బిందె ఎత్తింది. మరుసటి రోజు జరిగిన దాడిలో ఆరుగురు మాదిగల ప్రాణాలు పోయినాయి. గొడ్డుకు ఏ నీళ్లు, మనిషికి ఏ నీళ్లు అన్నది అక్కడ కులాన్ని బట్టే నిర్ణయమైంది.

పాలుకు మేపడం

ఇంతవరకూ దూడ ఆమెదే అన్నట్టు మాట్లాడాను. చాలా ఇండ్లలో దూడ కూడా ఆమెది కాదు. భూమి, డబ్బు ఉన్నాయన పెయ్యదూడనో ఎనుము దూడనో పేదింటికి తోలి పెడతాడు. ఈనేదాకా మేపి పెంచితే సగం పాలు. ఒప్పందం ఊరూరికీ మారుతుంది. ఒకచోట ఈనినాక ధర కట్టి సగం ఇస్తారు, ఇంకొకచోట మొదటి ఈత ఒకరికి, రెండో ఈత ఇంకొకరికి. పేరుకు సగం సగం. నిజానికి ఆయన పెట్టుబడి పాలు మరిచిన దూడ ఖరీదు. ఆమె పెట్టుబడి రెండు మూడేళ్ల రోజువారీ మోపు, నీళ్లు, కొట్టం, కాపలా. మేత ధర గట్టి చూస్తే ఆమె వాటా సగానికి ఎక్కడో పైన ఉండాలి. దూడ చస్తే ఆయనకు దూడ పోతుంది, ఆమెకు పెట్టిన కష్టం పోతుంది, పైగా సరిగా చూడలేదన్న మాట పడుతుంది. మగదూడ గతి ఇంకా అధ్వాన్నం. ట్రాక్టరు వచ్చినాక కోడెదూడను పాలుకు ఇచ్చేవాళ్లూ లేరు, తీసుకునేవాళ్లూ లేరు.

ఓక్లహామాలో తూకం ఉందని చెప్పింది ఇందుకే. మన పాలు ఒప్పందంలో తూకం లేదు. కాటా లేకపోయినా తూకం కట్టడానికి అడ్డమేమీ లేదు. దర్జీ టేపుతో దూడ ముందుకాళ్ల వెనక ఛాతీ చుట్టుకొలత, భుజం మొన నుంచి పిర్ర ఎముక దాకా పొడవు అంగుళాల్లో కొలవాలి. చుట్టుకొలతను చుట్టుకొలతతోనే గుణించి, దాన్ని పొడవుతో గుణించి, 660తో భాగిస్తే ఉజ్జాయింపుగా కిలోలు వస్తాయి. చుట్టుకొలత 40, పొడవు 36 ఉన్న దూడ 87 కిలోలు. దూడను తోలుకొచ్చిన రోజు ఒకసారి కొలిచి ఇద్దరు సాక్షుల ముందు కాగితం మీద రాసుకుంటే, ఈనిన రోజు మాట్లాడుకోవడానికి ఆధారం ఒకటుంటుంది. సంఘాల్లో పనిచేసే మన మిత్రులు కూలి రేట్ల గురించి రాసినన్ని కరపత్రాల్లో ఒక్కటైనా దీని మీద రాలేదు.

కాగితం మాట ఎందుకంటే, ప్రభుత్వం కాగితం ఇప్పటికే వచ్చేసింది. 2019 సెప్టెంబరులో దేశవ్యాప్త పశువ్యాధుల నియంత్రణ కార్యక్రమం మొదలైనాక పశువుల చెవులకు పన్నెండంకెల ట్యాగు ఏస్తున్నారు. గాలికుంటు టీకా ఏయడానికి అది మంచిదే. కానీ నమోదు యజమాని పేరు మీద జరుగుతుంది. పశువుకు సంబంధించిన బీమా, పథకం ఏదొచ్చినా ఆ పేరు వెంటే పోతుంది. భూమి విషయంలో కౌలుదారుకు కనీసం ఒక చట్టం చేసినారు. ఆంధ్రప్రదేశ్‌లో 2019లో వచ్చిన పంట సాగుదారు హక్కుల చట్టం పదకొండు నెలల పత్రం ఇచ్చింది. భూయజమాని సంతకం పెడితేనే ఇచ్చింది గనక అది ఎంతమందికి దక్కిందో కౌలురైతులకు తెలుసు. దూడను పాలుకు మేపే ఆడమనిషికి ఆ పాటి కాగితం కూడా లేదు.

జొన్న పోయింది

1990ల నుంచి, మరీ ముఖ్యంగా 2000 తర్వాత, ఈ రేగడి నేలల్లో హింగారు జొన్న స్థానాన్ని బుడ్డశనగ ఆక్రమించింది. 1999లో విడుదలైన జె.జి.11 అనే తక్కువ కాలపు రకం దీనికి పెద్ద ఊతమిచ్చింది. ప్రకాశం, కర్నూలు, అనంతపురం, కడప జిల్లాల నల్లరేగళ్లన్నింటా ఇదే కథ. రైతు లెక్కలో తప్పు లేదు. శనగకు బజారు ఉంది, పంట త్వరగా వస్తుంది, జొన్నకోతకు పడినంత కూలీ ఖర్చు లేదు. తేలిగ్గా ఒక్కొక్కటీ మంచి నిర్ణయమే. కానీ దూడ వైపు నుంచి చూస్తే చలికాలమే మాయమైపోయింది.

ఎట్లాగంటే - శనగాకు మీద పులుపు ఊరుతుంది. రాత్రిపూట పైరు మీద గుడ్డ పరిచి పిండితే శనగ పులుసు వస్తుందని పెద్దోళ్లకు తెలుసు. ఆ పులుపు మూలాన పచ్చి శనగను పశువు ఇష్టంగా మేయదు. జొన్నలాగా నిలబడే దంటు లేదు, కోత తర్వాత కొయ్యకాళ్లు లేవు. మిగిలేది పొట్టు. అది మంచి మేతే, కానీ కల్లంలో గుట్టగా పడుతుంది గనక సేను గలాయన చేతిలో ఉంటుంది. కొయ్యకాలును నలుగురి గొడ్లూ మేసేవి, పొట్టును గోతాలకెత్తి అమ్ముతారు. పైగా శనగ విత్తిన ఒకటి రెండు రోజుల్లో కలుపు మొలవకుండా పెండిమిథాలిన్ కొడుతున్నారు. ఆ ఒక్క పిచికారీతో కలుపు కూలి పోయింది, కలుపుతోపాటు వచ్చే మోపు కూడా పోయింది. కూలి పోయిందని అందరూ రాసినారు. మోపు పోయిందని రాసినవాళ్లు నాకు కనపడలేదు. మందు పడిన గెనిమ గడ్డిని కోసుకురావడానికి భయం. ఇట్లా భూమి లేని దూడకు ఉన్న మూడు దారులూ మూసుకుపోయినాయి. ఏ ఆజ్ఞా లేదు, ఏ తగాదా లేదు, ఎవరి మీదా కేసు పెట్టేదానికి లేదు. పంట మారింది, అంతే.

మరి ప్రభుత్వం? 1978-79లో మొదలై 1980 అక్టోబరు 2 నుంచి దేశంలోని అన్ని బ్లాకులకూ విస్తరించిన ఐ.ఆర్.డి.పి. పథకం కాలం నుంచీ దళిత కుటుంబానికి పాడిగొడ్డు అప్పు మీద ఇవ్వడమే పేదరిక నిర్మూలన అన్న ఆలోచన వదల్లేదు. పథకం పేర్లు మారినాయి. గొడ్డునిచ్చినారు, గడ్డినివ్వలేదు. ఎండిన గొడ్డును అమ్ముకుని అప్పు మిగుల్చుకున్న ఇండ్లను చూసి, దళితులకు పశుపోషణ చేతకాదని బ్యాంకువాళ్లు తీర్మానించడం చూస్తే నవ్వాలో ఏడవాలో తెలియదు. ఊరందరి గొడ్లనూ తరాల తరబడి మేపింది ఎవరంట?

గడ్డి ఎక్కడి నుంచి ఇస్తారని అడిగితే మేత పోరంబోకు గురించి మాట్లాడాలి. ఎన్.ఎస్. జోధా ఏడు రాష్ట్రాల మెట్టప్రాంతాల్లో ఎనభైకి పైగా గ్రామాలు చూసి 1986లో ప్రచురించిన అధ్యయనం ప్రకారం, 1950ల మొదటి నుంచి 1980ల మొదటి వరకూ ఉమ్మడి భూములు దాదాపు మూడో వంతు నుంచి సగం పైదాకా తగ్గిపోయినాయి. ఇక్కడ మనలో మనకు ఒక చిక్కు ఉంది, దాన్ని దాచుకుంటే లాభం లేదు. దళితులకు డి.కె.టి. పట్టాలిచ్చిన భూముల్లో కొంత ఒకప్పటి మేతబీడే. 'మీకు పట్టాలిచ్చినందుకే మా గొడ్లకు మేత లేకుండా పోయింది' అని భూస్వాములు బీసీ కాపరులను మన మీదికి ఎగదోస్తారు. అదే బీడులో మోటార్లు పెట్టి తోటలేసుకున్న పెద్దల ఆక్రమణ గురించి నోరెత్తరు. గ్రామ ఉమ్మడి భూముల ఆక్రమణల్ని తొలగించమని జగ్‌పాల్ సింగ్ కేసులో 2011 జనవరి 28న సుప్రీంకోర్టు తీర్పు ఇచ్చినప్పుడు, భూమి లేని కూలీలకు, ఎస్సీ ఎస్టీలకు ప్రభుత్వం ఇచ్చిన కౌళ్ల వంటి సందర్భాలను వేరుగా చూడవచ్చని కూడా చెప్పింది. తీర్పులో ఆ భాగాన్ని చదవకుండా డి.కె.టి. భూముల మీదికే మొదట వచ్చే అధికార్లకు అది చూపించాలి.

ఇంకొకటి, అత్యాచారాల నిరోధక చట్టానికి 2015లో చేసిన సవరణ 2016 జనవరి 26 నుంచి అమల్లోకి వచ్చింది. ఊరి ఉమ్మడి వనరుల్ని ఇతరులతో సమానంగా వాడుకోనీకుండా ఎస్సీ ఎస్టీలను అడ్డుకోవడం దాని ప్రకారం నేరం. మేతబీడు ఉమ్మడి వనరే. శ్మశానం, నీళ్ల విషయంలో ఈ సెక్షను గురించి మన కార్యకర్తలకు తెలుసు. గడ్డి విషయంలో వాడాలన్న ఆలోచనే రాలేదు. వాడాలంటే ముందు ఆ బీడు ఎక్కడుందో, ఏ సర్వే నంబరులో ఎన్ని ఎకరాలుందో కాగితం చేతిలో ఉండాలి. ఆర్.ఎస్.ఆర్.లో మేత పోరంబోకుగా రాసిన నంబర్లు ఒకవైపు, ఇప్పటి అడంగల్ ఇంకోవైపు పెట్టుకుని చూస్తే తేడా ఎవరి పేరు మీదుందో బయటపడుతుంది. సమాచార హక్కు కింద అడిగితే ఇవ్వాల్సిన కాగితాలే ఇవి. డిగ్రీ చదివే పల్లె పిల్లలు సెలవుల్లో చేయగల పని.

పట్టాసేన్ల విషయంలో చట్టం మనకు అక్కరకు రాదు, బేరమే దారి. కమలాపురం వైపు ఇంకా అక్కడక్కడా చొప్ప కోసం జొన్న ఏసేవాళ్లున్నారు, చొప్ప రేటు చూసి మళ్లీ ఏద్దామనుకునేవాళ్లూ ఉన్నారు. ఆ జొన్న కోతకు మనుషులు కావాలి, శనగ కల్లం దగ్గరా మనుషులు కావాలి. కూలి రేటు మాట్లాడుకునే రోజునే రూపాయలతోపాటు మనిషికి ఇన్ని మోపుల చొప్ప అనో, ఇన్ని గోతాల పొట్టు అనో, కోసిన సేన్లో ఇన్ని రోజులు దూడల్ని తోలుకుంటామనో మాట్లాడుకోవచ్చు. కొడవలి చేతికి తీసుకోకముందే అడగాలి. కోత అయిపోయినాక అడిగితే అది మళ్లీ 'సామీ' అనే మాట దగ్గరికే పోతుంది.